చాయ్, షుగర్, గ్రీన్ టీ గోలీలు: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో మాటవరసకు ఒక ముక్క రాశాను. మా ల్యాబులో చాయాకులోని పాలీఫినాల్స్ (చాయ్‌కు వగరునిచ్చే పదార్థాలు) మీద, వాటికీ షుగర్, ఊబకాయం, ఫ్యాటీ లివర్ లాంటి జబ్బులకూ ఉన్న సంబంధం మీద పని చేస్తామని. అంతే, థైరాయిడ్ ఉత్తరాలు, మోకాళ్ల నొప్పుల ఉత్తరాలు అన్నీ పక్కకు పోయి చాయ్ ఉత్తరాలే వచ్చిపడ్డాయి. 'తాగొచ్చా' అని అడిగినవాళ్ల కంటే 'తాగొచ్చని రాయండి' అని అడిగినవాళ్లే ఎక్కువ. అందుకని ఈ నెల పేజీ మొత్తం చాయ్‌కే.

*

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది. ఇప్పుడే మందులు అక్కర్లేదు, బరువు తగ్గమన్నారు డాక్టర్ గారు. మా స్టాఫ్ రూములో ఒకరు గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ గోలీలు అమ్ముతున్నారు. పొద్దున పరగడుపున రెండు వేసుకుంటే మూడు నెలల్లో షుగరూ, బరువూ రెండూ దిగుతాయంటున్నారు. సీసా మీద 'యూనివర్సిటీ పరిశోధనలో రుజువైంది' అని కూడా ఉంది. వాడొచ్చా?
– ఉపాధ్యాయిని, పరకాల

జవాబు: వాడకండమ్మా. ఈ మాట ముందే చెప్పి, కారణాలు తర్వాత చెప్తాను. రేపు స్టాఫ్ రూములో ఆ సహోద్యోగితో మాట్లాడాల్సింది మీరు కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

సీసా మీద రాసింది పచ్చి అబద్ధం కాదు. ఇబ్బందంతా అక్కడే ఉంది. గ్రీన్ టీలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే పాలీఫినాల్ పేరు ఇజీసీజీ. 2008లో అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో చుంగ్ యాంగ్, జాషువా లాంబర్ట్ వాళ్ల బృందం చిట్టెలుకలకు 16 వారాల పాటు బాగా కొవ్వున్న మేత పెట్టింది. ఎంత కొవ్వంటే, మేతలోని కేలరీల్లో 60 శాతం దానివే. అదే మేతలో ఇజీసీజీ కలిపి పెట్టిన ఎలుకలు తక్కువ బరువు పెరిగాయి, వాటిలో ఇన్సులిన్ బాగా పనిచేసింది, కాలేయంలో కొవ్వు తక్కువ పేరుకుంది. తర్వాత లాంబర్ట్ పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి, అప్పటికే ఒళ్లు చేసిన ఎలుకల మీద మళ్లీ చూశారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో ఇజీసీజీ తిన్న ఎలుకలు మిగతావాటి కంటే 45 శాతం నెమ్మదిగా బరువెక్కాయి.

ఇందులో చాలా పని రక్తం దాకా రాకుండా పేగులోనే జరిగిపోయింది. నూనె, నెయ్యి ఒంటికి పట్టాలంటే క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైము వాటిని విరగ్గొట్టాలి. ఇజీసీజీ ఆ ఎంజైముకు అడ్డుపడుతుంది. అరగని కొవ్వు బయటికి పోతుంది. ఆ ఎలుకల పెంటికల్లో కొవ్వు దాదాపు 30 శాతం పెరిగింది. ఈ 30 శాతం అనే అంకె రావాలంటే ఎవరో ఒకరు కూర్చుని, పంజరం అడుగున పరిచిన పొట్టులోంచి పెంటికలను పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి, ఆరబెట్టి, తూచి, నూరి, అందులోని కొవ్వును లాగి మళ్లీ తూచాలి. నేనూ చేశాను ఆ పని. మా అమ్మ ఫోన్ చేసి 'ఏం చేస్తున్నవ్ బిడ్డా' అంటే 'చదువుకుంటున్ననమ్మా' అని చెప్పే రోజులవి.

ఇక మీవారి సంగతికొద్దాం. ఆ ఎలుకలు తిన్నంత ఇజీసీజీ మనిషికి రావాలంటే రోజుకు పది కప్పుల గ్రీన్ టీ తాగాలని లాంబర్ట్ బృందమే చెప్పింది. అంత తాగలేరు కాబట్టే గోలీ పుట్టింది. మనుషుల మీద ఫలితాలు మాత్రం ఎలుకల్లో కనిపించినంత గొప్పగా లేవు. 1999లో జెనీవాలో పదిమంది మగవాళ్లను ఒక్కొక్కరిని మూసిన గదిలో ఉంచి, పీల్చే గాలిని, వదిలే గాలిని కొలిచారు. గ్రీన్ టీ సారం తీసుకున్న రోజు వాళ్ల ఒళ్లు 4 శాతం ఎక్కువ శక్తి ఖర్చు చేసింది. వినడానికి బాగుంది కదా. లెక్క వేస్తే దాదాపు 80 కేలరీలు, అంటే నాలుగు చెంచాల చక్కెర. 2012లో కాక్రేన్ సంస్థ బరువు తగ్గడం మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. జపాన్ బయట జరిగినవాటిలో 12, 13 వారాల గ్రీన్ టీకి అదనంగా తగ్గిన బరువు సగటున 40 గ్రాములు. కిలోలు కాదమ్మా, గ్రాములే. మీవారు చెప్పులు విప్పి తూకం మీద నిలబడితే అంతకంటే ఎక్కువ తగ్గుతుంది.

డబ్బులు పోతే పోయాయి అనుకోవచ్చు. నా భయం కాలేయం గురించి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో ఇదంతా తిరగేసి చూసింది. మామూలుగా కాచుకుని తాగే గ్రీన్ టీతో రోజుకు సగటున 90 నుంచి 300 మిల్లీగ్రాముల ఇజీసీజీ ఒంట్లోకి వెళ్తుంది, దానితో భయం లేదు. గోలీల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు పైన తీసుకున్నవాళ్లలో కొందరికి కాలేయ ఎంజైములు పెరిగాయి. గోలీకి ఎంత మోతాదు అయితే పూర్తిగా క్షేమం అన్న గీత మాత్రం ఆ సంస్థ కూడా గీయలేకపోయింది. కొందరికి జన్యువుల వల్లే ఇది ఎక్కువ తగులుతుంది. మీవారు ఆ కొందరిలో ఉన్నారో లేదో వేసుకునే ముందు తెలిసే దారి లేదు. పైగా 'పరగడుపున' అన్నారు చూడండి, అది మరీ ఘోరం. ఖాళీ కడుపున వేసుకుంటే రక్తంలోకి వెళ్లే ఇజీసీజీ కొన్ని రెట్లు పెరుగుతుంది. అమ్మేవాళ్లకు అది గొప్పగా తోచవచ్చు, కాలేయానికి మాత్రం కాదు. ఇప్పటికే వేసుకుంటూ ఉంటే ఆపేయండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, అన్నం సయించకపోయినా వెంటనే డాక్టర్‌కు చూపించి, గోలీ సంగతి దాచకుండా చెప్పండి.

6.1 అంటే ప్రీడయాబెటిస్, షుగర్ జబ్బుకు ముందు దశ. 5.7 నుంచి 6.4 దాకా దాని పరిధి. మన పొరుగున చెన్నైలో ఈ దశలో ఉన్నవాళ్లను మూడేళ్ల దాకా గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. నడక, తిండిలో మార్పు, ఈ రెండింటితోనే షుగర్ వచ్చే ముప్పు 28 శాతం పైచిలుకు తగ్గింది. గోలీకి పెట్టే డబ్బుతో మీవారికి మంచి బూట్లు కొనివ్వండి. గ్రీన్ టీ రుచి ఆయనకు నచ్చితే చక్కెర, తేనె లేకుండా రెండు మూడు కప్పులు తాగనివ్వండి. నచ్చకపోతే బలవంతం చేయకండి, తాగకపోతే పోయేదేం లేదు.

*

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమాస్తాను. మిర్చి సీజనులో కాంటా దగ్గర నిలబడితే గొంతంతా మంట, రైతు వచ్చినా చాయ్, వ్యాపారి వచ్చినా చాయ్. రోజుకు తొమ్మిది చిన్న కప్పులవుతాయి. షుగర్ లేదు. ట్రైగ్లిజరైడ్స్ మాత్రం 240 వచ్చాయి. చాయ్‌లో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయంటారు కదా, అవి ఈ కొవ్వును తగ్గించవా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: అన్నా, మీ కప్పులో పాలీఫినాల్స్ ఉన్న మాట నిజం. వాటికంటే చాలా ఎక్కువ చక్కెర ఉంది. మార్కెట్‌లో ఫ్లాస్కు చాయ్ ఎంత తీపి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చిన్న కప్పుకు చెంచాన్నర అనుకుందాం, అంటే ఏడు గ్రాముల పైన. తొమ్మిది కప్పులకు 65 గ్రాములు దాటిపోయింది. విడిగా కలిపే చక్కెర రోజుకు 50 గ్రాములు మించొద్దని, 25 లోపే ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మీరు ఇంటికెళ్లి ముద్ద ముట్టకముందే ఆ గీత దాటారు. ఒంటికి ఎక్కువైన చక్కెరను కాలేయం కొవ్వుగా మారుస్తుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్స్‌గా కనిపించేది అదే. 150 లోపు ఉండాల్సింది మీకు 240. ఆ చక్కెరను తోసిరాజనే శక్తి ఏ యాంటీ ఆక్సిడెంట్‌కూ లేదు.

చాయ్ మానమని చెప్పను. చెప్పినా మీరు మానరు, సీజనులో అది కుదరదు కూడా. రైతు ముందు కప్పు పెట్టి మీరు తాగకుండా కూర్చుంటే రేటు దగ్గర ఏదో కిరికిరి ఉందనుకుంటాడు. చాయ్ తెచ్చే పిల్లగాడితో మాట్లాడి మీకు ఒక చిన్న ఫ్లాస్కు చక్కెర లేకుండా విడిగా తెప్పించుకోండి. మొదటి వారం గడ్డిలా ఉంటుంది. ఆ తర్వాత నాలుక సర్దుకుంటుంది, పెళ్లిలో మామూలు చాయ్ ఇస్తే పాకంలా తోస్తుంది. గొంతు మంటకు చాయ్ కంటే గోరువెచ్చని నీళ్లు మేలు, ముక్కుకు దస్తీ ఇంకా మేలు. మూడు నెలలయ్యాక ట్రైగ్లిజరైడ్స్ మళ్లీ చూపించుకోండి. మందు అలవాటు ఉంటే అది వేరే లెక్క. ఉత్తరంలో ఆ సంగతి ఎత్తలేదు కాబట్టి నేనూ ఎత్తను, డాక్టర్ దగ్గర మాత్రం ఎత్తండి.

*

ప్రశ్న: నాకు ఆరో నెల. హిమోగ్లోబిన్ 8.9 ఉంది. దవాఖానలో ఇచ్చిన ఎర్ర గోలీ రోజూ వేసుకుంటున్నా రక్తం పెరగడం లేదు. గోలీతో వికారం వస్తుందని మా అత్తమ్మ వేడి చాయ్‌తో మింగిస్తుంది. చాయ్‌తో ఏమన్నా తేడా ఉందా?
– బీడీలు చుట్టే పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: ఉంది చెల్లెమ్మా, చాలా ఉంది. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో ముందు జవాబు చెప్పాల్సింది మీకే.

చాయ్ తాగగానే నాలుక బిగపట్టినట్టు వగరుగా ఉంటుంది కదా. పాలీఫినాల్స్ మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల అలా అనిపిస్తుంది. వాటి గుణమే పట్టుకోవడం. పేగులోకి వెళ్లాక మీ గోలీలోని ఇనుమును కూడా అలాగే పట్టుకుంటాయి. ఆ ఇనుము ఒంట్లోకి ఎక్కకుండానే బయటికి పోతుంది. 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రొట్టె తింటూ పాలీఫినాల్స్ ఉన్న చాయ్ లాంటి పానీయాలు తాగినవాళ్లలో ఇనుము ఒంటబట్టడం 60 నుంచి 90 శాతం దాకా తగ్గిపోయింది. ఎలుకల్లో కొవ్వును ఆపింది, మీలో ఇనుమును ఆపుతున్నది ఈ పదార్థాలే. ఒక చోట మేలు చేసే గుణమే ఇంకో చోట చెరుపు చేస్తుంది.

మీకు ఇస్తున్న గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మంచి గోలీ. దాన్ని నీళ్లతో, కుదిరితే కొంచెం నిమ్మరసం పిండిన నీళ్లతో వేసుకోండి. వికారం ఎక్కువగా ఉంటే రాత్రి తిన్న తర్వాత, పడుకునే ముందు వేసుకోండి. కాల్షియం గోలీ కూడా ఇచ్చి ఉంటారు. రెండూ కలిపి వేసుకోవద్దు, మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. చాయ్‌ని గోలీకీ, అన్నానికీ దూరం పెట్టండి. తిండికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో చెప్పింది.

అత్తమ్మ మంచికే ఇచ్చింది, ఆమెతో గొడవ పడకండి. ఈ పేజీ చదివి వినిపించండి. కానీ 8.9 అంటే ఊరుకునే సంఖ్య కాదు. ఈ వారమే ఏఎన్ఎం దగ్గరికి గానీ డాక్టర్ దగ్గరికి గానీ వెళ్లి, ఇన్నాళ్లూ చాయ్‌తో వేసుకున్నానని చెప్పండి. గోలీలే చాలో, ఇంజెక్షన్ అవసరమో వాళ్లు చూస్తారు.

*

ప్రశ్న: రైల్వేలో రిటైరయ్యాను. ముప్ఫై ఏళ్లుగా ఇరానీ చాయ్ అలవాటు. పాలు పోస్తే చాయ్‌లో ఉన్న మంచి అంతా పోతుందని మా అల్లుడు గ్రీన్ టీ డబ్బా తెచ్చి పెట్టాడు. తాగితే వేపాకు కషాయంలా ఉంది. నిజంగా పాలు అంత పాపం చేస్తాయా?
– పాఠకుడు, కాజీపేట

జవాబు: సార్, ఈ విషయంలో శాస్త్రవేత్తలే ఒక మాట మీద లేరు, మీరూ మీ అల్లుడూ ఎలా ఉంటారు? 2007లో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో 16 మంది మహిళలకు బ్లాక్ టీ ఇచ్చి రక్తనాళాలు ఎంత సులువుగా సాగుతున్నాయో చూశారు. పాలు లేని టీతో మెరుగైంది, పాలు కలిపితే ఆ మేలు కనిపించలేదు. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ పాలీఫినాల్స్‌ను పట్టుకోవడం వల్లేనని వాళ్లు తేల్చారు. పాలు పోస్తే వగరు తగ్గేది కూడా అందుకే. అంతకుముందు 1998లో నెదర్లాండ్స్‌లో చూస్తే, పాలు పోసినా పోయకపోయినా రక్తంలోకి చేరిన క్యాటెచిన్స్‌లో తేడా రాలేదు. క్యాటెచిన్స్ అంటే ఇజీసీజీ కుటుంబమే. అల్లుడు చెప్పినంత పాపమైతే పాలు చేయవు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. గ్రీన్ టీ, నల్ల చాయ్‌పత్తి ఒకే మొక్క ఆకులు. కోసిన వెంటనే వేడి తగిలిస్తే ఆకులోని ఎంజైము చచ్చి గ్రీన్ టీ అవుతుంది. ఆకును నలిపి గాలికి వదిలితే ఆ ఎంజైము క్యాటెచిన్స్‌ను ఒకదానికొకటి అతికించి, థియాఫ్లావిన్స్ లాంటి పెద్ద అణువులుగా మారుస్తుంది. ఎర్రటి డికాక్షన్ రంగు వాటిదే. అవి పెద్దవి కాబట్టి రక్తంలోకి పెద్దగా పోవు, పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి బ్యాక్టీరియాకు మేతవుతాయి. 2017లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఎలుకలకు కెఫీన్ తీసేసిన గ్రీన్, బ్లాక్ టీ సారాలు రెండూ పెట్టి చూశారు. రెండింటితోనూ బరువు తగ్గింది. బ్లాక్ టీ ఆ పనిని ఎక్కువగా పేగు బ్యాక్టీరియా ద్వారా చేసింది. మళ్లీ ఎలుకలే, అది మరవొద్దు.

మీ వయసులో నేను చూసేది పాలు కాదు, ఆ కప్పులో చక్కెర, పక్కన ఉస్మానియా బిస్కెట్లు. చక్కెర తగ్గించి రోజుకు రెండు ఇరానీ చాయ్‌లు హాయిగా తాగండి. ఆ గ్రీన్ టీ డబ్బా మీద చేయి పడదని మీకూ తెలుసు, అల్లుడికి తిరిగిచ్చేయండి. గ్రీన్ టీలో నిమ్మరసం పిండితే మంచిదా అని ఇంకో పాఠకుడు అడిగారు. మంచిదే. అరుగుదలను అనుకరించే పరీక్షనాళికల్లో నిమ్మజాతి రసాలు క్యాటెచిన్స్ పాడవకుండా కాపాడాయి. చేదు కూడా కొంచెం తగ్గుతుంది, మీ అల్లుడికి ఆ చిట్కా చెప్పండి.

*

ప్రశ్న: ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ ప్రాజెక్టులో కాలేయ కణాల మీద ఇజీసీజీ పరీక్షిస్తున్నాను. 50 మైక్రోమోలార్ గాఢతలో వేయగానే కణాలు చచ్చిపోతున్నాయి. ఇది కాలేయ క్యాన్సర్‌కు మందని రాసుకోవచ్చా?
– విద్యార్థిని, హనుమకొండ

జవాబు: రాసుకోవద్దు బిడ్డా. ముందు నీ ద్రావణం రంగు చూడు. ఇజీసీజీ పొడి తెల్లగా ఉంటుంది, నీళ్లలో కలిపితే రంగు దాదాపు ఉండదు. నువ్వు కణాలకు పోసే మీడియంలో, అంటే అవి పెరిగే పోషక ద్రవంలో, వదిలేసి భోంచేసి వస్తే లేత పసుపు తిరిగి, గోధుమ రంగులోకి మళ్లుతుంది. ఆమ్లగుణం లేని చోట అది గాలితో కలిసి తనంతట తానే ఆక్సీకరణం చెందుతుంది, ఆ దారిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. నీ కణాలను చంపుతున్నది ఆ పెరాక్సైడే కావచ్చు. ఇంకో గిన్నెలో, పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే క్యాటలేజ్ ఎంజైము కలిపి ఇదే ప్రయోగం చెయ్యి. కణాలు బతికితే దొంగ దొరికినట్టే. ఇంకో మాట, మనిషి రెండు కప్పులు తాగితే రక్తంలో ఇజీసీజీ ఒక మైక్రోమోలార్ కూడా దాటదు. నీ గిన్నెలో 50 ఉంది. పరకాల టీచరమ్మకు సీసా అమ్ముతున్నవాళ్లు చూపించే పరిశోధనల్లో ఇలాంటి గిన్నెలు బోలెడు ఉంటాయి. క్యాటలేజ్ ఫలితం ఎటు వచ్చినా ప్రాజెక్టులో రాయి, మీ గైడ్ వద్దంటే ఈ పేజీ చూపించు.

*

ప్రశ్న: ఫాస్టింగ్ షుగర్ టెస్టుకు ముందు చక్కెర లేని బ్లాక్ టీ తాగి వెళ్లొచ్చా? నీళ్లలాంటిదే కదా?
– పాఠకుడు, మంచిర్యాల

జవాబు: కాదు. టెస్టుకు ముందు ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు, కెఫీన్ వల్ల కొందరికి అంకె మారుతుంది. చాయ్ లేకపోతే తల నొస్తుందంటే పొద్దున్నే వెళ్లి మొదటి నంబరు తీసుకోండి. తిన్న తర్వాత రెండు గంటలకు చేసే టెస్టు కూడా రాసి ఉంటే, ఆ చాయ్‌ని టిఫిన్‌తోనే తాగేయండి, మధ్యలో ఇంకో కప్పు పనికిరాదు.